అత్తను ఆంటీ గడిలో పెట్టే పట్టికలు

చుట్టరికాల పట్టికలు ఈమధ్య ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. ఎడమ చేతివైపు ఒక ఇంగ్లీషు మాట, దాని పక్కన వరసగా హిందీ, తెలుగు, తమిళం, కన్నడం, మరాఠీ, ఒడియా. ఆంటీని ఏ భాషలో ఏమంటారు, అంకుల్‌ని ఏమంటారు, కజిన్‌ని ఏమంటారు అని గడులు నింపి ఉంటాయి. నేను చూసినవన్నీ ఇదే అచ్చులో ఉన్నాయి. చేసినవాళ్లది మంచి ఉద్దేశమే. తరాలుగా తెలుగునాడు బయట ఉంటున్న మనలాంటివాళ్లకు అవి ముచ్చటగానే ఉంటాయి. కానీ ఒక పుస్తకాన్ని సమీక్షించే మాదిరి కూర్చుని చదివితే వాటిలో మూడు తప్పులు కనిపిస్తాయి. ఆ తప్పులు పట్టికలోనే ఆగిపోతే ఇంత రాయాల్సిన పని లేదు. అవి మన ఇళ్లలోకి వచ్చి పిల్లల నోటి మాటను మారుస్తున్నాయి కాబట్టి రాస్తున్నాను.

మొదటి తప్పు ఎడమవైపు గడిలోనే ఉంది. పట్టిక ఆంటీతో మొదలవుతుంది, తక్కిన భాషలన్నీ దానికి జవాబు చెప్పుకోవాలి. మన ఇళ్లలో అసలు ఆ ప్రశ్నే లేదు. నాయన చెల్లెలినీ అమ్మ చెల్లెలినీ కలిపి చెప్పే మాట మనకు లేదు. ఒకామె అత్త, ఇంకొకామె చిన్నమ్మ. ఒకామె కొడుకు బావ, ఇంకొకామె కొడుకు అన్న. ఈ ఇద్దరినీ ఒకే గడిలో పెట్టి, మధ్యలో గీత గీసి 'అత్త / పిన్ని' అని రాస్తే చదివేవాళ్లకు ఏమనిపిస్తుంది? వంకాయ / వంగకాయ అన్నట్టు, ఏది వాడినా ఒకటే అనిపిస్తుంది.

తమాషా ఏమిటంటే ఆంటీ అనే మాటకు కూడా పుట్టుకలో ఇంత విశాలం లేదు. లాటిన్‌లో నాయన తోబుట్టువు అమిత, అమ్మ తోబుట్టువు మాతెర్తెర. అమ్మ అన్నదమ్ములు అవుంకులుస్, నాయన అన్నదమ్ములు పత్రుయుస్. అమిత పాత ఫ్రెంచి మీదుగా అరిగి ఇంగ్లీషులో ఆంట్ అయింది. అవుంకులుస్ అరిగి అంకుల్ అయింది. అంటే ఆంటీ మొదట్లో అచ్చంగా మేనత్త, అంకుల్ అచ్చంగా మేనమామ. తక్కిన రెండు మాటలూ రాలిపోతే వాటి చోట్లు కూడా ఈ రెండే ఆక్రమించాయి. కాబట్టి గడులు చెరిగిపోవడం మనకే జరిగే వింత కాదు. ఒక పెద్ద భాషాకుటుంబంలో జరిగిపోయిన సంగతే.

అట్లా చెరిగి తీరాలని కూడా లేదు. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. ఫ్రెంచిలో తాంత్ అనే ఒక్క మాటలో మేనత్తా పిన్నీ ఇద్దరూ ఇమిడిపోతారు. బెల్ మేర్ అంటే అత్తగారూ అవుతుంది, మారుతల్లీ అవుతుంది. పాలించిన భాష అట్లా ఉన్నా, అక్కడి గోదావరి తెలుగు ఇళ్లలో మేనత్త మేనత్తగానే, పిన్ని పిన్నిగానే మిగిలారు. పైనుంచి వచ్చిన భాష ఒక్కటే గడులు చెరపదు. ఇంట్లో ఏం జరుగుతుందో అదే ముఖ్యం.

నిజానికి మనకంటే మంచి పట్టిక 1871లోనే అచ్చయింది. అమెరికావాడైన లూయీ హెన్రీ మోర్గన్ ప్రపంచంలోని చాలా జాతుల చుట్టరికపు మాటలు పోగుచేసి పుస్తకం వేశాడు. అందులో తమిళం, తెలుగు, కన్నడం కూడా ఉన్నాయి. ఆయన తన ఎడమ గడిలో ఆంటీ అని రాయలేదు. నాయన తోబుట్టువు, నాయన తోబుట్టువు కొడుకు, అమ్మ తోబుట్టువు కూతురు అని ఒక్కొక్క మెట్టూ విడదీసి రాశాడు. మాట్లాడేది ఆడమనిషా మగమనిషా అని కూడా అడిగాడు. మన మేనల్లుడు, మేనకోడలు లాంటి మాటలకు ఈ ప్రశ్న లేకపోతే అర్థమే లేదు. మగవాడికి తోబుట్టువు పిల్లలు, ఆడమనిషికి అన్నదమ్ముల పిల్లలు మేనవాళ్లు అవుతారు కదా. ఈ మాటల తేడాలతో మోర్గన్ మనుషుల జాతులను మెట్లు మెట్లుగా పేర్చాలని చూశాడు. అది ఒప్పుకోదగింది కాదు. కానీ ఎట్లా అడగాలో ఆయనకు తెలుసు. నూటయాభై ఏళ్ల తర్వాత మన ఫోన్లలో తిరిగే పట్టికకు అది తెలియదు.

అడగడం సరిగ్గా వస్తే మన మాటల కట్టడం తేటగా కనిపిస్తుంది. నాయన అన్నదమ్ముల భార్యలు, అమ్మ అక్కచెల్లెళ్లు అందరూ అమ్మ వరస: పెద్దమ్మ, చిన్నమ్మ, పిన్ని. నాయన అక్కచెల్లెళ్లు, అమ్మ అన్నదమ్ముల భార్యలు అత్త వరస. పెళ్లయ్యాక వచ్చే అత్తగారు కూడా ఈ వరసలోకే వస్తుంది. అమ్మ వరస వాళ్ల పిల్లలు అన్నాతమ్ముళ్లు, అక్కాచెల్లెళ్లు. అత్త వరస వాళ్ల పిల్లలు బావ, బావమరిది, వదిన, మరదలు.

ఇక్కడే పట్టికలు చదివి కొందరు తీసే తీర్పు ఒకటుంది: హిందీలో బువా, మౌసీ, చాచీ, మామీ అని నాలుగు మాటలు, తాయీ కలిపితే అయిదు, మనకేమో అత్త, పిన్ని, పెద్దమ్మ, అంతే. తెలుగు ఇందులో బీద అని. మాటలు లెక్కపెట్టి కలిమి లేములు చెప్పడం వడ్డీవ్యాపారి లెక్క. వాళ్ల పిల్లల్ని ఏమంటారో చూడండి. హిందీలో చచేరా భాయి, మమేరా భాయి, ఫుఫేరా భాయి, మౌసేరా భాయి. నాలుగు దారులూ వచ్చి భాయి దగ్గరే కలుస్తాయి. మనకు మాటలు తక్కువ, కానీ దారులు రెండుగా చీలి అట్లాగే పోతాయి. ఒక భాష తల్లుల తరంలో తేడా చూపిస్తే ఇంకో భాష పిల్లల తరంలో చూపిస్తుంది. ఇంగ్లీషు రెండు చోట్లా చూపించదు. ఇందులో బీదా లేదు, గొప్పా లేదు. కానీ వీటిని ఒకే గడిలో కొలవలేం.

ఈ కట్టడం మీదే ఒక సినిమా పేరు నిలబడింది. 2013లో వచ్చిన త్రివిక్రమ్ సినిమా 'అత్తారింటికి దారేది'. కథానాయకుడు తాత కోసం, ఇల్లు విడిచిపోయిన మేనత్తను వెతుక్కుంటూ వస్తాడు. చివరికి ఆమె కూతురే అతనికి పెళ్లికూతురవుతుంది. కాబట్టి ఆ పేరులోని అత్త మొదట్లో నాయన తోబుట్టువు, చివర్లో పెళ్లాం తల్లి. రెండు అర్థాలకూ ఒకే మాట కాబట్టి పేరులోనే కథంతా ఉంది. ఆ సినిమా కన్నడంలో 2015లో 'రన్న' అయింది, బెంగాలీలో 2016లో 'అభిమాన్' అయింది, తమిళంలో 2019లో 'వందా రాజావాదాన్ వరువేన్' అయింది. మూడు పేర్లలోనూ అత్త లేదు.

బెంగాలీ సంగతి అర్థమవుతుంది. అక్కడ నాయన తోబుట్టువు పిసి, అత్తగారు శాశుడి, రెండిటికీ పొత్తు లేదు. తమిళంలో సగం ఇబ్బంది ఉంది. అత్తగారిని పిలిచేటప్పుడు అత్తై అనే ఇళ్లు ఉన్నా, ఇతరులతో చెప్పుకునేటప్పుడు మామియార్ అంటారు. పిలిచే మాట వేరు, చెప్పుకునే మాట వేరు. పట్టికలు ఈ తేడా కూడా పట్టించుకోవు. మనలో మాత్రం ఎవరైనా 'ఓ మేనత్తా, ఇట్లా రా' అని పిలుస్తారా? కన్నడంలో అయితే అత్తె రెండర్థాలనూ మోయగలదు. ఆ పేరు కన్నడంలో పొసిగేదే, అయినా వదిలేశారు. వ్యాపారానికి హీరో బిరుదు పనికొచ్చినంతగా అత్త పనికిరాదని అనుకున్నారేమో. బెంగళూరు, బళ్ళారి, కోలారు తెలుగువాళ్లు రెండు సినిమాలూ చూస్తారు కాబట్టి ఈ లోటు వాళ్లకే ముందు తగలాలి.

రెండో తప్పు: తెలుగుకు ఒకే నిలువు గడి. అందులో పిన్ని, బాబాయి, నాన్నమ్మ, అక్క అని కోస్తా మాటలు, బడి పుస్తకం మాటలు ఉంటాయి. హోసూరు పక్క మా ఊళ్లో చిన్నమ్మ, చిన్నాయన, అవ్వ అంటాం. రాయలసీమలో నాయన తల్లి జేజి. 2009లో 'అరుంధతి' సినిమా వచ్చిన తర్వాత జేజమ్మ అనే మాట అందరికీ తెలిసింది కానీ, అది ఇంటి మాట అని చాలామందికి తెలియదు, ఏదో సినిమా పేరు అనుకున్నారు. తెలంగాణలో చిన్నాయనను కాక అంటారు, తోడికోడలిని యారాలు అంటారు. ఇవేవీ ఆ గడిలో పట్టవు. పట్టనివన్నీ 'పక్క భాష కలిసింది' అనే ఖాతాలో పడతాయి.

అప్ప అనే మాటను తీసుకోండి. మా హోసూరు పక్క అప్ప అంటే నాయన. తమిళం, కన్నడం రెండిట్లోనూ అదే కాబట్టి 'ఇది తెలుగు కాదు' అని వెంటనే తీసిపారేస్తారు. ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క. పాత నిఘంటువుల్లో కూడా ఆ అర్థం ఉంది. ఒడియాలో అక్కను అపా అంటారు. ఇప్పుడు బరంపురం తెలుగింటి పిల్ల తన అక్కను అప్ప అని పిలిస్తే పట్టిక ఏం చెబుతుంది? ఒడియా కలిసింది అంటుంది. ఆ పిల్ల మాట శ్రీకాకుళం మాట కావచ్చు, తెలుగు నిఘంటువులో ఉన్న మాట కావచ్చు. పక్క భాషలో పోలిక ఉందని చెప్పి, ఇది అరువు అని అంత సులభంగా తేల్చలేం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది. గిడుగు రామమూర్తి ఎన్నో ఏళ్లు పనిచేసిన ఊరు అది. గీత గీసిన రోజున ఇళ్లలోని మాటలు రెండుగా తెగలేదు. పట్టిక మాత్రం గీత గీసిన చోటే తెంపుతుంది.

మన పెద్దలు మాండలికాల మీద పనిచేయలేదని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. అది పేరుకు తగ్గట్టు వృత్తుల కోశం. నాగలి భాగాలకు జిల్లాజిల్లాకూ ఉన్న పేర్లు అందులో దొరుకుతాయి. చుట్టరికాలు వృత్తి కాదు కాబట్టి అక్కడ వెతకడం న్యాయం కాదు. ఇంకోవైపు కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్‌ను చూడండి. ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. తెలుగునాటి నుంచి వలసపోయినవాళ్ల కథను 'గోపల్లగ్రామం' నవలగా రాశాడు, కరిసల్ సీమ తమిళ మాటలకు నిఘంటువు కూడా కూర్చాడు. తమిళ మాండలికం మీద ఆయన పెట్టిన శ్రద్ధ మన ఇంటి మాటల మీద మనం పెట్టాలి. ఒక్క నిలువు గడి ఆ శ్రద్ధకు సరిగ్గా ఎదురు.

మూడో తప్పు: చెవికి ఒకేలా వినిపిస్తే ఒకటే అనుకోవడం. తాయి అనే మాటతో మొదలుపెడదాం. కన్నడంలో తాయి అంటే అమ్మ. మరాఠీలో తాఈ అంటే అక్క. హిందీలో తాయీ అంటే పెదనాయన భార్య. ఇట్లాంటివి వింతగా చెప్పుకుని నవ్వుకోవచ్చు. కానీ కొన్ని నవ్వులాట కాదు. మరాఠీలో భాఊ అంటే తోడబుట్టినవాడు. తెలుగు బావ, కన్నడం భావ అందుకు పూర్తిగా ఎదురు, పెళ్లి వరస. షోలాపూరులో తరాలుగా ఉన్న పద్మశాలి ఇళ్లలో ఈ రెండు మాటలూ ఒకే నోట్లో ఉంటాయి. ఎక్కడ ఏది అనాలో ఆ ఇంటి పిల్లలకు తెలుసు. పట్టిక చూసి నేర్చుకునేవాళ్లకు తెలియదు.

రాయలసీమ జేజికీ ఒడియాలో తాతను పిలిచే జేజేకీ, నాయనమ్మను పిలిచే జేజేమాకీ పోలిక చూసి, 'అదిగో కళింగ సంబంధం' అని రాసేవాళ్లు ఉన్నారు. దేవుడిని జేజి అని చిన్నపిల్లలకు నేర్పడం కూడా మనకుంది. పసిపిల్లల నోటికి వచ్చే ఇట్లాంటి జంట అక్షరాల మాటలు ఎక్కడైనా విడివిడిగా పుట్టగలవు. అమ్మ, అత్త, మామ, తాత, కాకా అన్నీ ఆ అచ్చువే. గాథాసప్తశతిలోని అత్త, పొట్ట లాంటి మాటలను చూపించి తెలుగు ప్రాచీనతను చెప్పడం మన సాహిత్య చరిత్రల్లో ఆనవాయితీ. ఆ ప్రాకృత కావ్యంలో అత్తా అంటే అత్తగారే, మరాఠీలో ఇవాళ్టికీ నాయన తోబుట్టువు ఆత్యా. నా మటుకు నాకు, దీన్నిబట్టి 'అత్త మాది, మీరు తీసుకున్నారు' అని వాదించడం కంటే, ఈ మాట దక్కనులో చాలాకాలంగా అందరి ఇళ్లలో తిరిగింది అని చెప్పడమే సరైన చదువు. షోలాపూరు తెలుగింట్లో ఆత్యా వినిపిస్తే అది పరాయి చుట్టమేమీ కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అరువు వచ్చిందా లేదా అని మనం ఎప్పుడూ మాట ఒంటిని తడుముతాం. తడమాల్సింది గడిని. మా ఇంట్లో అమ్మ తమ్ముడి భార్యను మామి అంటాం. తమిళం మాటే, దాచేదేముంది. కానీ ఆమె కొడుకు మాకు బావే, కూతురు మరదలే. పేరు మారింది, వరస మారలేదు. కన్నడ సీమలో చిన్నమ్మను చిక్కమ్మ అన్నా అంతే. చిక్కమ్మ కొడుకు అన్నో తమ్ముడో అవుతాడు గానీ బావ కాడు. తమిళం, కన్నడం, తెలుగు మూడూ ఒకే కట్టడం ఉన్న ఇళ్లు కాబట్టి గది పేరు మారినా గోడ కదలదు.

ఒడియా, మరాఠీల పక్కన సంగతి కొంచెం వేరు. ఒడియాలో నాయన తోబుట్టువు పిఉసీ, అమ్మ తోబుట్టువు మాఉసీ, మేనమామ భార్య మాఇఁ, చిన్నాయన భార్య ఖుడీ. మరాఠీలో ఆత్యా, మావశీ, మామీ, కాకూ. తెలుగింట్లో ఈ మాటలు చేరితే మన రెండు గడులు నాలుగవుతాయి. పిల్లల పేర్లు కూడా వాళ్లవే చేరితేనే గోడ కదిలినట్టు. మరాఠీలో మేనమామ కూతురు మామేబహీణ, అంటే ఆ పేరులోనే బహీణ, తోబుట్టువు, ఉంది. అట్లా అని ఊరుకోవడానికి లేదు. మహారాష్ట్రలో చాలా కులాల్లో మేనమామ కూతురిని చేసుకునే ఆచారం ఉందని ఇరావతీ కర్వే తన 1953 పుస్తకంలో వివరంగా రాసింది. తోబుట్టువు అని పేరుపెట్టి పెళ్లి చేసుకునే చోటు అది. కాబట్టి మాట ఒక్కటే చూసి ఇంటి నడవడి చెప్పలేం. పట్టిక తయారుచేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. నాలాగా గడుల గురించి వాదించేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంత గొడవ ఎందుకంటే, మా అక్క కూతురు చదువుకోసం కోస్తాకు వెళ్లింది. చిన్నాయన, అవ్వ అన్నందుకు హాస్టల్లో నవ్వారు. తెలుగు రాదా అన్నారు, సరైన మాటల పట్టిక ఫోన్లో పంపారు. ఆ పిల్ల పిన్ని, బాబాయి నేర్చుకోలేదు. అవి ఆమె ఇంటివి కావు, నోటికి రాలేదు. చిన్నాయన మాత్రం సిగ్గనిపించింది. ఇప్పుడు అందరూ ఆంటీ, అందరూ అంకులే. ఇంటికొచ్చినా అంతే. ఇది నేను ఒక్క ఇంట్లో చూసింది కాదు. మన మాటను తప్పని దిద్దితే దాని చోటులోకి ఒప్పు తెలుగు రాదు, ఆంటీ వస్తుంది. మామి వల్ల, చిక్కమ్మ వల్ల, ఆత్యా వల్ల మన తెలుగుకు ఇంత నష్టం ఎప్పుడూ జరగలేదు. శుద్ధి చేయబోయినవాళ్ల వల్ల జరిగింది.

దీనికి ఒక ఎదురు ప్రశ్న ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఈ గడులన్నీ మేనరికం కోసమే కదా, మేనరికాలు తగ్గుతుంటే గడులు ఎందుకు? మేనమామ కూతురినీ మేనత్త కూతురినీ చేసుకోవడం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రమే రాసుకుంది. 1955 హిందూ వివాహ చట్టం ఇట్లాంటి దగ్గర చుట్టాల పెళ్లిని నిషేధించి, ఆచారం ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. దగ్గర రక్తం పెళ్లిళ్లు పిల్లల ఆరోగ్యానికి మంచివి కావని డాక్టర్లు చెబుతున్నారు, అది వినాల్సిందే. ఇంకోటి, మరదలు అనే మాటలో ముద్దుతో పాటు ఒక హక్కు కూడా ఉంటుంది. చిన్నప్పటినుంచి 'నీ మొగుడు వచ్చాడే' అని ఆటపట్టించుకున్న పిల్లకు కజిన్ అనే చప్పటి మాటలో కొంత ఊపిరి ఆడుతుంది. ఆ పిల్ల కజిన్ అంటే నేను దిద్దను.

కానీ గడి అంతా పెళ్లి కోసమే కాదు. పుట్టువెంట్రుకలు తీసే రోజున మేనమామ ఒడి కావాలి. పెళ్లిలో పిల్లను బుట్టలో తెచ్చేది మేనమామే. ఎవరి దగ్గర కొంటెగా మాట్లాడవచ్చు, ఎవరి ముందు తలవంచాలి, కష్టం వస్తే ఎవరింటికి అడక్కుండా వెళ్లవచ్చు అనేవి కూడా ఈ మాటల్లోనే ఉన్నాయి. మేనరికం పోవడం మంచిదే కావచ్చు, మేనమామ పోవాల్సిన పని లేదు. ఆంటీ, అంకుల్ అనే మాటలు ఆ రెండిటికీ తేడా చూడవు. అపార్ట్‌మెంటు వాచ్‌మనూ అంకులే, అమ్మ తోడబుట్టినవాడూ అంకులే.

కాబట్టి పట్టికలు వద్దని నేను అనను, వేరే మాదిరి చేద్దాం అంటాను. ఎడమ గడిలో ఇంగ్లీషు మాట వద్దు. నాయన చెల్లెలు, అమ్మ తమ్ముడి భార్య అని విడదీసి రాయండి. తెలుగు అని ఒకే గడి వద్దు, ఊరి పేరు రాయండి: హోసూరు, పావగడ, కోయంబత్తూరు, షోలాపూరు, భివండి, రాయగడ, యానాం. పిలిచే మాట, చెప్పుకునే మాట రెండూ వేరుగా రాయండి. మాట్లాడేది ఆడా మగా రాయండి. అన్నిటికంటే ముఖ్యం, ఆమె పిల్లల్ని ఏమంటారో రాయండి. ఈ చివరి గడి ఒక్కటి నిండితే, పేరు ఏ భాషదైనా సరే, ఆమె మీ ఇంట్లో అత్త అవునో కాదో తేలిపోతుంది.

ఇంట్లో ఒక పెద్దామె ఉంటే ఒక సాయంత్రం చాలు ఈ పనికి. ఆమె చెప్పిన మాట పుస్తకంలో లేకపోతే ఆమెను దిద్దకండి, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి.